జీవిత భాగస్వామి ఇష్టం: తపస్సా, వ్యసనమా?

 

పోయిన వారం మన ఛానెల్‌లో మంత్రాలయ రాఘవేంద్ర స్వామివారి పూర్వాశ్రమ జీవితం మీద వీడియో పెట్టాం కదా. దానికి స్క్రిప్ట్ రాసింది నేనే. రాస్తూ రాస్తూ ఒకచోట ఆగిపోయాను. స్వామివారు సన్న్యాసం తీసుకోకముందు ఆయన భార్య అయిన సరస్వతమ్మ గురించిన భాగం అది. వీడియోలో ముప్పై సెకన్లు కూడా ఉండదు. కానీ ఆ ముప్పై సెకన్లు నన్ను వదల్లేదు. ఎందుకు వదల్లేదో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి. మా ఆవిడను అడిగి, తను చదివి సరే అన్నాకే ఇది మీ ముందు పెడుతున్నా.

మా హాల్లో రెండు సైకిళ్లు

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని, హైదరాబాద్‌లో ఉద్యోగం. సొంతూరు నందవరం. ఈ పేరు చెప్పగానే మన వ్యూయర్స్‌లో సగం మంది "చౌడేశ్వరి అమ్మవారి నందవరమా?" అంటారు. కాదండీ, అది బనగానపల్లె దగ్గరది. మాది కర్నూలు జిల్లా పడమటి వైపు, ఎమ్మిగనూరు పక్కన ఉన్న నందవరం. మాకు పత్తి అమ్మాలంటే ఆదోని, బట్టలకి ఎమ్మిగనూరు, మొక్కు తీర్చుకోవాలంటే మంత్రాలయం.

మా పెళ్లై మూడేళ్లు. తనూ సాఫ్ట్‌వేరే. పెళ్లైన ఏడాదికి బరువు తగ్గాలని ఒక సైకిల్ కొంది. నేనే దగ్గరుండి కొనిపించా. ఆఫీసులో ఎవరో చెప్తే ఒక ఆదివారం 200 కిలోమీటర్ల రైడ్‌కి వెళ్లొచ్చింది. దాన్ని బ్రెవే అంటారు. రేసు కాదు, ఎవరితోనూ పోటీ ఉండదు. ఇచ్చిన టైములోపల పూర్తి చేయాలి, అంతే. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలు, 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40. దారిలో కొన్ని చోట్ల కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. రాత్రైనా, వానొచ్చినా, పంక్చరైనా మన తిప్పలు మనమే పడాలి. ఈ నాలుగు దూరాలూ ఒకే సీజన్‌లో పూర్తి చేస్తే సూపర్ రాందనర్ అని పిలుస్తారు. తను మొదటి సీజన్‌లోనే పూర్తి చేసింది.

ఇప్పుడు తన కళ్లు ఫ్రాన్స్ మీద ఉన్నాయి. పారిస్ నుంచి బ్రెస్ట్ అనే ఊరికి వెళ్లి మళ్లీ వెనక్కి రావాలి. 1200 కిలోమీటర్లు, 90 గంటలు. 1891లో మొదలైన రైడ్ అది. నాలుగేళ్లకోసారి జరుగుతుంది. పోయినసారి 2023లో అయింది, వచ్చేది 2027 ఆగస్టులో.

"నెలకి ఒక ఆదివారం పోతే ఏముందిరా" అని మా ఫ్రెండ్స్ అంటారు. ఒక్క ఆదివారమైతే నేనూ అదే అనేవాణ్ని. కానీ దాని కోసం రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకి అలారం. అందుకని రాత్రి తొమ్మిదికే నిద్ర. శనివారాలు అనంతగిరి కొండల వైపు ప్రాక్టీస్. సినిమాకి పోదామంటే "రేపు లాంగ్ రైడ్ ఉంది". సంక్రాంతికి ఊరెళ్దామంటే ముందు బ్రెవే క్యాలెండర్ తెరవాలి. భోజనం దగ్గర మాటలు కూడా టైర్లు, గేర్లు, గాలి వాటం. హాల్లో రెండు సైకిళ్లు గోడకి ఆనించి ఉంటాయి. సోఫా ఇప్పుడు బాల్కనీలో ఉంది.

నేను ఏమీ అనలేదు. మంచి భర్త అంటే ఏమీ అననివాడు అనుకున్నాను.

షీట్ 1

పోయిన నవంబర్‌లో మా నాన్నకి ఛాతీలో నొప్పి వస్తే కర్నూలులో ఒక ఆసుపత్రిలో చేర్పించాం. స్టెంట్ వేయాలన్నారు. ఆ రోజు తను 400 కిలోమీటర్ల రైడ్‌లో ఉంది. నేను కారు తీసుకుని ఒక్కణ్నే వెళ్లాను. రాత్రంతా ఆసుపత్రి కారిడార్‌లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. ఫోన్ చేయలేదు. చేస్తే తను అక్కడికక్కడే ఆపేసి వచ్చేదని నాకు తెలుసు. మర్నాడు మధ్యాహ్నం రైడ్ అయ్యాక నా మెసేజ్ చూసుకుని, మోకాళ్లు వంగక పోయినా బస్సెక్కి రాత్రికి కర్నూలు వచ్చింది.

"ఎందుకు చెప్పలేదు?" అంది.

"డిస్టర్బ్ చేయడం ఎందుకని."

చాలా రోజులు దాన్ని నా త్యాగం అనుకున్నాను. ఇప్పుడు నిజం ఒప్పుకుంటున్నా. ఆ రాత్రి నేను ఫోన్ చేయకపోవడానికి కారణం ప్రేమ ఒక్కటే కాదు. తను రాలేదని చూపించడానికి నాకొక రుజువు కావాల్సి వచ్చింది.

రుజువులు నేను అప్పటికే పోగు చేస్తున్నాను మరి. ల్యాప్‌టాప్‌లో ఒక ఎక్సెల్ షీట్. దానికి పేరు కూడా పెట్టలేదు, షీట్ 1 అంతే. తేదీ, తను సైకిల్ మీద గడిపిన గంటలు, పెట్టిన ఖర్చు, నాలుగో కాలమ్‌లో ఆ రోజు మేం కోల్పోయింది. "పిన్ని కూతురి ఎంగేజ్‌మెంట్." "నా పుట్టినరోజు, రాత్రి 8:50కి నిద్ర." ఏడు నెలల లెక్క. నాన్న ఆసుపత్రి వరసకి ఎర్ర రంగు వేశాను.

డిసెంబర్‌లో కరెంటు బిల్లు కోసం ల్యాప్‌టాప్ తెరిచి తను అది చూసింది. నేను వంటింట్లో ఉన్నా. పిలవలేదు, అరవలేదు. మొత్తం వరసలన్నీ చదివింది. చదివాక అడిగిన మొదటి ప్రశ్న ఇది.

"ఇందులో నీ కాలమ్ ఏది?"

నాకు అర్థం కాలేదు. తనే చెప్పింది. నెలకి ఒక వారం ఆన్‌కాల్ డ్యూటీ. శనివారం రాత్రి డిప్లాయ్‌మెంట్లు. రెండు నెలల ఐపీఎల్. ఇవన్నీ పక్కన పెట్టినా, ఈ ఛానెల్ ఉంది కదా. ప్రతి శుక్రవారం రాత్రి ఒంటిగంట దాకా స్క్రిప్ట్, ప్రతి ఆదివారం మధ్యాహ్నం రికార్డింగ్, ఎడిటింగ్. తను తొమ్మిదికి పడుకుంటే నేను ఒంటరినైపోయానని రాసుకున్నాను. నేను ఒంటిగంట దాకా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నప్పుడు తను ఏమైందో ఏ కాలమ్‌లోనూ లేదు.

"అది సేవ కదా" అన్నాను. నిజంగానే అన్నాను. నోట్లోంచి మాట బయటికొచ్చాక గానీ అది ఎలా వినిపిస్తోందో నాకు తెలియలేదు.

తను ఒకటే అంది. "నీకు నా మీద కోపం వచ్చిందని నాకు బాధ లేదు. ఏడు నెలలు కోపాన్ని దాచి, నాతో నవ్వుతూ టీ తాగావు చూడు, దానికి బాధ."

ఎద్దుల కొట్టంలో పెద్దమ్మ

జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతరకి ఊరెళ్లాం. ఇద్దరం వెళ్లాం కానీ మాటలు లెక్కపెట్టుకుని మాట్లాడుకుంటున్న రోజులవి.

మా వైపు జాతరంటే ఎద్దులు. బండలాగుడు పోటీలు మీలో కొందరు యూట్యూబ్‌లో చూసే ఉంటారు. ఒంగోలు జాతి ఎద్దుల జత టన్నుల బరువున్న బండని లాగాలి. ఇచ్చిన నిమిషాల్లో ఏ జత ఎక్కువ అడుగుల దూరం లాగితే దానికి బహుమతి. ఎద్దుల పళ్లను బట్టి విభాగాలుంటాయి. పాల పళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్లు. మా పెద్దనాయన ముప్పై ఏళ్లు ఈ పోటీలకే బతికాడు. ఇంట్లో పిల్లలకి లేకపోయినా ఎద్దులకి ఉలవలు ఉడకాల్సిందే. ఏ ఊళ్లో తిరునాళ్లుంటే అక్కడికి లారీలో ఎద్దుల్ని ఎక్కించుకుని పోవాల్సిందే. ఇప్పుడు మోకాళ్లు పోయాయి, ఎద్దులు అమ్మేశారు. మంచం మీద కూర్చుని ఫోన్‌లో పోటీలు చూస్తుంటాడు.

రాత్రి అరుగు మీద పెద్దమ్మ ఒక్కతే ఉంటే పోయి కూర్చున్నా. ఎప్పుడూ అడగని ప్రశ్న అడిగాను. "ముప్పై ఏళ్లు ఎట్ల వేగినావు పెద్దమ్మా?"

నవ్వింది. "పెండ్లయిన మూడో దినమే తెలిసింది నాయనా. కొత్త కోడల్ని ఇంట్లో కూసోబెట్టి, ఆయన పోయి కొట్టంలో కూసున్యాడు."

"కోపం రాలేదా?"

"యాల రాదు? వచ్చింది. వచ్చినప్పుడల్లా చెప్తాంటి. ఊరికే మింగుతా పోతే కడుపులో పుండయితాది."

ఒకసారి పెద్దనాయన అర ఎకరా అమ్మి కోడెల జత తెచ్చాడట. పెద్దమ్మకి ఒక్క మాట చెప్పలేదు. ఆమె ఏడవలేదు, పుట్టింటికి పోలేదు. చాపా దుప్పటీ ఎత్తుకుని పోయి ఎద్దుల కొట్టంలో పడుకుంది. "నీ సంసారం యాడుంటే నేనూ ఆడే ఉంటా అన్యా. ఊరంతా నవ్విరి. మూడు దినాలు నవ్వనీలే అని ఉంటి. నాలుగో దినం వచ్చి నా ముందర కూసున్యాడు."

ఆ రోజు రెండు మాటలు ఒప్పించుకుందట. మొదటిది, భూమి, ఆమె మెడలోది, పిల్లల చదువు, ఈ మూడూ ఎద్దుల దాకా రాకూడదు. రెండోది నేను ఆమె మాటల్లోనే చెప్తా. "పోటీకి పోయొచ్చినాక, గెలిసినా ఓడినా, కాళ్లు కడుక్కొని ముందు నా కాడ కూసోవల్ల. ఏమయిందో నాకు చెప్పల్ల. ఊర్లో వాళ్లు చెప్తే ఇనే గతి నాకొద్దు."

"ఎద్దుల మీద కుళ్లు పుట్టలేదా?"

"ఎద్దుల మీద ఆయనకెంత ప్రేమ ఉంటే నాకేం నాయనా? ఇంటికి వస్తాండాడా, తినేదానికి వస్తాండాడా, అది చూసుకుంటాంటి."

అంతలో లోపల్నించి మా బంధువొకామె వచ్చి, "ఆడపిల్ల రాత్రంతా రోడ్ల మీద సైకిల్ తొక్కేదేందమ్మా, చెప్పేవాళ్లు లేరా" అంది. పెద్దమ్మ తల కూడా తిప్పలేదు. "ఈడ మీ బావ నెలకి పది రాత్రులు లారీలో ఎద్దులతో పోతాంటే షోకు మనిషి అని పొగిడితిరి. అప్పుడు యాడ పోయినావు నువ్వు?"

ఆ మాట ఆమెకి ఎంత తగిలిందో తెలియదు, నాకు తగిలింది. నా షీట్‌లో నిజమైన ఒంటరితనం ఎంత, 'ఇంటికొచ్చేసరికి భార్య ఉండాలి' అని మగవాడిగా అలవాటైన లెక్క ఎంత? విడదీసి చూసుకుంటే రెండూ ఉన్నాయి. రెండోది ఉంది కదా అని మొదటిది అబద్ధం అయిపోదు. కానీ విడదీయకుండా గొడవ పడితే మాత్రం న్యాయం జరగదు.

వ్యసనం అంటే చెడ్డ పని కాదు

మన పెద్దలు ఈ విషయం మీద చాలా ఆలోచించారు. సప్తవ్యసనాలు అని వింటాం కదా. జూదం, మద్యం మనకి తెలుసు. ఆ జాబితాలో వేట కూడా ఉంటుంది. మనుస్మృతి ఇంకా పెద్ద జాబితా ఇస్తుంది, అందులో నాట్యం, గానం, వాద్యం, పనిలేని తిరుగుడు కూడా ఉన్నాయి. మొదటిసారి చదివినప్పుడు ఆశ్చర్యపోయాను. సంగీతం వ్యసనమేంటి? మన దేవతల చేతుల్లోనే వీణ, వేణువు ఉన్నాయి కదా!

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఎనిమిదో అధికరణం మొత్తం వ్యసనాల గురించే. అక్కడ ఆ మాటకి అర్థం చెప్తాడు. మనిషిని తన శ్రేయస్సు నుంచి దూరంగా విసిరేసేది వ్యసనం అని. అంటే పని మంచిదా చెడ్డదా అన్నది కాదు ప్రశ్న. అది నిన్ను ఎక్కడికి విసిరేస్తోంది అన్నది ప్రశ్న. అందుకే సంస్కృతంలో ఇదే మాటని పొగడ్తగా కూడా వాడతారు, విద్యావ్యసనం అని. చదువు మీద విపరీతమైన ఇష్టం అని అర్థం.

ఈ కొలతతో చూస్తే సైకిలూ, ఎద్దులూ, భక్తి ఛానెలూ ఒకే వరసలోకి వస్తాయి. 'నాది మంచి అలవాటు' అన్న వాదన ఇక పనిచేయదు. నిజం చెప్పాలంటే మంచి అలవాట్లే ఎక్కువ ప్రమాదం. తాగుబోతుని నిలదీసే హక్కు భార్యకి ఉందని ఊరంతా ఒప్పుకుంటుంది. భర్త రోజూ నాలుగు గంటలు పూజలో ఉంటే, సమాజసేవలో ఉంటే, భార్య మారథాన్‌లకి పరిగెడుతుంటే, ఎదుటివాళ్లు ఎలా నిలదీస్తారు? నోరు తెరిస్తే వాళ్లే చెడ్డవాళ్లవుతారు.

మన కథల్లోనే చూడండి. భర్త ఏదో ఒక దాంట్లో మునిగిపోతే భార్య త్యాగమూర్తి అవుతుంది. భార్య మునిగిపోతే భర్త అడ్డంకి అవుతాడు. అక్కమహాదేవి చెన్నమల్లికార్జునుడి కోసం అన్నీ వదిలి శ్రీశైలం కదళీవనానికి నడిచి వెళ్లింది. ఆ కథలో కౌశికుడనే రాజు మనకి దారికి అడ్డొచ్చినవాడిగానే గుర్తుంటాడు. అక్కమహాదేవి దారి సరైనదే, నాకు సందేహం లేదు. నేను చెప్పేది ఏంటంటే, ఉండిపోయినవాళ్లకి ఎలా ఉండాలో చెప్పే కథలు మనం తక్కువగా చెప్పుకుంటాం.

అలాంటి కథలు లేకపోలేదు. మహాభారతం అరణ్యపర్వంలో నలుడు జూదంలో మునిగిపోయినప్పుడు దమయంతి ఏం చేసింది? ఆపాలని చూసింది, మాట వినలేదు. అప్పుడు సారథి వార్ష్ణేయుణ్ని పిలిపించి పిల్లలిద్దర్నీ రథం ఎక్కించి కుండినపురానికి, తన పుట్టింటికి పంపేసింది. తను మాత్రం నలుడితోనే ఉంది. ప్రేమని వదల్లేదు, హద్దునీ వదల్లేదు. మా పెద్దమ్మ మహాభారతం చదవలేదు గానీ, 'భూమి, మెడలోది, పిల్లల చదువు' అన్నప్పుడు సరిగ్గా అదే చేసింది.

బృహదారణ్యక ఉపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడిచి వెళ్లాలనుకున్నప్పుడు ముందు భార్య మైత్రేయిని కూర్చోబెట్టి చెప్పాడు. ఆస్తి పంచి ఇస్తానన్నాడు. ఆమె ఊరుకోలేదు. భూమి నిండా సంపద ఉన్నా దాంతో అమృతత్వం వస్తుందా అని నిలదీసింది. అంత గొప్ప ఆత్మోపదేశం ఆ ప్రశ్న వల్లే మనకి దక్కింది. ముందు భర్త చెప్పాడు, తర్వాత భార్య అడిగింది. ఆ ఉపదేశం ఆ సంభాషణతో మొదలైంది.

సరస్వతమ్మ

ఇప్పుడు ఆ ముప్పై సెకన్ల దగ్గరికి వస్తాను. మన స్వామివారి సన్న్యాసాన్ని హాబీతో పోల్చడం నా ఉద్దేశం కాదు. అది ధర్మం పిలిచిన పిలుపు. కానీ పిలుపు ఎంత పవిత్రమైనదైనా ఇంట్లో ఒక మనిషి ఉంటుంది. సంప్రదాయం ఆ మనిషిని దాచిపెట్టలేదు. అందుకే ఆ కథ చెప్తున్నా.

స్వామివారి పూర్వాశ్రమ నామం వేంకటనాథుడు. పుట్టింది తమిళనాట భువనగిరిలో. కుంభకోణంలో సుధీంద్ర తీర్థుల దగ్గర చదువు. వీణలో విద్వాంసుడు. భార్య సరస్వతమ్మ, కొడుకు లక్ష్మీనారాయణ. ఇంట్లో పేదరికం. గురువుగారు పీఠం అప్పగిస్తానంటే ఆయన వెంటనే ఒప్పుకోలేదని చెప్తారు. భార్య చిన్నది, కొడుక్కి ఇంకా ఉపనయనం కాలేదు అన్నాడు. ఆ తర్వాత కలలో సరస్వతీ దేవి కనిపించి కర్తవ్యం చెప్పిందని, కొడుకు ఉపనయనం చేశాకే సన్న్యాసానికి కదిలాడని కథ. కలలో వచ్చిన దేవి పేరూ, ఇంట్లో ఉన్న భార్య పేరూ ఒకటే. 1621లో తంజావూరులో వేంకటనాథుడు రాఘవేంద్ర తీర్థులయ్యారు.

ఆ రోజు సరస్వతమ్మకి చివరిసారి భర్త ముఖం చూడాలనిపించి పరుగున బయల్దేరిందంటారు. దుఃఖం పట్టలేక దారిలో పాడుబడ్డ బావిలో ప్రాణం విడిచింది. ప్రేతరూపంలో మఠం దాకా వచ్చింది. స్వామివారు గుర్తుపట్టారు. కమండలంలోని నీళ్లు చల్లి ఆమెకి విముక్తి ఇచ్చారు.

ఈ కథని చిన్నప్పటి నుంచి మహిమగా విన్నాను. ఊరి నుంచి మంత్రాలయం గంట కూడా పట్టదు, ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. జాతర మర్నాడు మేమిద్దరం వెళ్లాం. తుంగభద్రలో కాళ్లు కడుక్కుని, 1671లో స్వామివారు సజీవంగా ప్రవేశించిన బృందావనం ముందు నిలబడ్డాను. ఆదోని పాలకుడు సిద్ది మసూద్ ఖాన్ ఇచ్చిన మంచాల గ్రామమే ఈ మంత్రాలయం అని మా వైపు పిల్లలకి కూడా తెలుసు. ఈసారి మాత్రం నాకు మహిమ కన్నా ముందు ఆ పరుగు గుర్తొచ్చింది. ఒక మనిషి చెప్పాల్సిన మాట ఏదో మిగిలిపోయింది. అది చెప్పుకోవడానికి పరిగెత్తింది, చేరలేకపోయింది.

స్వామివారు ఆమెని గుర్తుపట్టారు అన్నది నాకు ఇప్పుడు ఆ కథలో అన్నిటికన్నా పెద్ద విషయంగా కనిపిస్తోంది. పీఠాధిపతి అయ్యాక, ప్రపంచాన్ని వదిలాక కూడా, ఎదురుగా వచ్చిన ఆ దుఃఖం ఎవరిదో ఆయనకి తెలుసు. దాన్ని కాదనలేదు, అవతలికి పొమ్మనలేదు. ముందు ఆమె బాధ తీర్చారు. అంత వైరాగ్యంలో ఆయన గుర్తుపట్టగలిగినప్పుడు, ఒకే మంచం మీద పడుకునే మనం గుర్తుపట్టలేకపోతే మన పని ఎంత గొప్పదైతే ఏం లాభం?

ఇక నా వైపు కూడా చూసుకున్నా. మింగిన మాటలన్నీ నేను ఎక్సెల్ షీట్‌లో పోశాను. అదే నా బావి. మీలో ఎవరికైనా మనసు అంత చీకట్లోకి పోతుంటే దయచేసి ఒక్కరే మోయకండి. ఇంట్లో వాళ్లకో, ఫ్రెండ్‌కో, డాక్టర్‌కో చెప్పండి. మౌనాన్ని త్యాగం అని పొగిడే కథలు మనకి అవసరం లేదు.

మేం ఏం చేశాం

మంత్రాలయం నుంచి వస్తూ కార్లో షీట్ గురించి మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడుకున్నాం. సప్తపదిలో ఏడో అడుగు స్నేహానికి అని పంతులుగారు పెళ్లిలో చెప్పారు, ఇద్దరం ఫొటోల హడావిడిలో ఉండి వినలేదు. ఫ్రెండ్ అయితే లెక్కలు రాసిపెట్టుకోడు. ముఖం మీదే తిడతాడు. నేను షీట్ డిలీట్ చేస్తానంటే తను వద్దంది. ఇద్దరం కలిసి ఒకసారి చదివి, అప్పుడు తీసేశాం. ఎర్ర రంగు వరస దగ్గర ఇద్దరం ఏడ్చాం. "నువ్వు ఫోన్ చేసుంటే వచ్చేదాన్ని. ఆ హక్కు కూడా నాకివ్వలేదు" అంది.

గంటలకి పరిమితి పెట్టుకోలేదు. పెట్టుకుంటే అది ఆఫీసు టైమ్‌షీట్ అవుతుంది. పెద్దమ్మ రెండు షరతుల్నే మా కాలానికి మార్చుకున్నాం. ఇద్దరి అమ్మానాన్నల ఆరోగ్యం, మేం పక్కన పెట్టుకునే డబ్బు, వారంలో ఒక సాయంత్రం, ఈ మూడింటి దాకా సైకిల్ గానీ ఛానెల్ గానీ రాకూడదు. అవసరం వస్తే ఏ బ్రెవే మధ్యలోనైనా, ఏ రికార్డింగ్ మధ్యలోనైనా ఫోన్ చేయాలి. రెండోది, ఎవరు దేన్నుంచి తిరిగొచ్చినా అరగంట ఫోన్ ముట్టకుండా ఎదురుగా కూర్చోవాలి. తను దారిలో చూసింది చెప్తుంది, నేను స్క్రిప్ట్‌లో ఎక్కడ ఆగిపోయానో చెప్తా.

ఇంకో మాట. తన ఇష్టాన్ని నేను కూడా ప్రేమించాలని ప్రయత్నించాను. ఫిబ్రవరిలో ఒక రాత్రి రెండు గంటలకి కంట్రోల్ పాయింట్ దగ్గర టీ ఫ్లాస్కుతో నిలబడ్డా. దోమలు, చలి, నిద్ర. తను వచ్చి టీ తాగి ఐదు నిమిషాల్లో వెళ్లిపోయింది. నిజాయితీగా చెప్తున్నా, నాకు సైకిల్ మీద ఇప్పటికీ ఏ ఆసక్తీ లేదు. కానీ హెల్మెట్ లైట్ వెలుగులో తన ముఖం చూశా. అలసిపోయి ఉంది, సంతోషంగా ఉంది. ఆ ముఖం నేను ఇంట్లో చూసి చాలా రోజులైంది. ఆ ఇష్టాన్ని తన నుంచి లాగేస్తే ఇంటికి తిరిగొచ్చే మనిషి కూడా ఇంత ఉండదని అర్థమైంది. మన భాగస్వామి ఇష్టం మనకి ఇష్టం కానక్కర్లేదు. అది ఉన్న మనిషితోనే మనం ఏడడుగులు నడిచామని గుర్తుంటే చాలు.

అన్నీ సర్దుకున్నాయని చెప్పను. నాకు పిల్లలు కావాలని ఉంది. తనకీ ఉంది, కానీ 2027 ఆగస్టు తర్వాత అంటోంది. ఆ ఏడాది మళ్లీ నాలుగు దూరాలూ పూర్తి చేస్తేనే పారిస్‌కి అర్హత. మా అమ్మ ప్రతి ఫోన్‌లో అడుగుతుంది. దీనికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఈ విషయం మీద మేం ఇప్పటికి నాలుగుసార్లు గొడవపడ్డాం, నాలుగుసార్లూ గట్టిగానే. ఒక్క వరస కూడా ఎక్కడా రాసుకోలేదు.

ఈ పోస్ట్ పూర్తి చేసేసరికి రాత్రి పదకొండు దాటింది, శుక్రవారం. రేపు తనకి నాలుగున్నరకి అలారం, అయినా తను ఇంకా పడుకోలేదు. ఇది అయ్యాక అరగంట కూర్చోవాలి కదా. హెడ్‌ఫోన్స్ తీసేస్తున్నా.

శ్రీ రాఘవేంద్రాయ నమః.